తెగిన కనెక్షన్లు, తెగని సందేహాలు

ఈ శీర్షికలో టీఎల్ఎస్ హ్యాండ్‌షేక్ గురించి, అంటే డేటాను రహస్యంగా పంపే కనెక్షన్ మొదట్లో రెండు వైపులవాళ్లూ తాళాలు కుదుర్చుకునే తంతు గురించి రాశాక వచ్చిన ఉత్తరాలను ముందేసుకుని కూర్చుంటే ఒక సంగతి తెలిసింది. హ్యాండ్‌షేక్ ఎలా జరుగుతుందని ఎవరూ అడగలేదు. అది జరగనప్పుడు, జరిగాక మధ్యలో తెగినప్పుడు ప్రోగ్రాం ఏం చేయాలన్నదే అందరి బాధ. అందుకే ఈ నెల మొత్తం వాటికే కేటాయించాను. ఫంక్షన్ల పేర్లు పలికినట్టే తెలుగులో రాస్తున్నాను. కోడులో వెతుక్కునేటప్పుడు ఇంగ్లిషు అక్షరాలు మీరే వేసుకోండి.

ప్రశ్న: మేడం గారికి నమస్కారం. రొయ్యల చెరువుల్లో ఆక్సిజన్ కొలిచే మీటర్ల నుంచి రీడింగులు తీసుకునే సర్వర్ ఒకటి సీ భాషలో రాశాం. ఒకే ప్రాసెస్, ఒకే థ్రెడ్, ఈపోల్ (ఏ సాకెట్‌లో కదలిక ఉందో చెప్పే లినక్స్ ఏర్పాటు) మీద సుమారు మూడు వందల కనెక్షన్లు. ప్రతి మీటరుకూ సొంత సర్టిఫికెట్ ఉంది, సర్వర్ దాన్ని సరిచూస్తుంది. కొద్ది రోజులుగా గంటల తరబడి బాగా నడుస్తున్న కనెక్షన్లు ఉన్నట్టుండి తెగిపోతున్నాయి. ఈరోజు ఒక మీటరు, రేపు ఇంకొకటి. లాగులో మాత్రం ప్రతిసారీ ‘సర్టిఫికెట్ వెరిఫై ఫెయిల్డ్’ అనే ఉంటుంది. తీసి చూస్తే ఆ మీటరు సర్టిఫికెట్‌కు ఇంకా బోలెడు గడువు ఉంది. అర నిమిషంలో అదే సర్టిఫికెట్‌తో మళ్లీ కలుస్తుంది కూడా. నెట్‌వర్కు వాళ్లు తప్పు తమది కాదంటున్నారు. కోడులో ఆ భాగం జతచేస్తున్నాను. – ఒక పాఠకుడు, భీమవరం

జవాబు: నెట్‌వర్కు వాళ్లు నిజమే చెబుతున్నారు. తెగిన మీటరులోనూ తప్పు లేదు. మీరు లాగులో చదువుతున్న ఎర్రర్ ఆ కనెక్షన్‌ది కాదు, వేరే దానిది.

మీ కోడు వాడే టీఎల్ఎస్ లైబ్రరీ ఓపెన్‌ఎస్ఎస్ఎల్ తన లోపల జరిగిన తప్పులను ఒక క్యూలో రాసి పెట్టుకుంటుంది. ఆ క్యూ కనెక్షన్‌కు ఒకటి కాదు, థ్రెడ్‌కు ఒకటి. మీది ఒకే థ్రెడ్ కనుక మూడు వందల మీటర్లకూ కలిపి ఉన్నది ఒకటే క్యూ. ఉమ్మడి కుటుంబంలో అందరి అప్పులూ పేర్లు లేకుండా ఒకే పద్దు పుస్తకంలో రాసినట్టు, ఏ తప్పు ఎవరిదో అందులో ఉండదు.

ఇప్పుడు మీ సర్వర్‌లో జరుగుతున్నది చూడండి. పదిహేడో చెరువు మీటరు సర్టిఫికెట్ గడువు తీరిందనుకుందాం. అది కలవడానికి వచ్చింది. సర్వర్ వైపు హ్యాండ్‌షేక్ నడిపే ఎస్ఎస్ఎల్_యాక్సెప్ట్ మైనస్ ఒకటి ఇచ్చింది, క్యూలో ‘సర్టిఫికెట్ వెరిఫై ఫెయిల్డ్’ అని పడింది. మీ కోడు ఎస్ఎస్ఎల్_గెట్_ఎర్రర్‌ను అడిగి, ఇక లాభం లేదని తెలుసుకుని, లాగు రాసి, ఎస్ఎస్ఎల్_ఫ్రీ పిలిచి సాకెట్ మూసేసింది. ఇంతవరకూ పద్ధతిగానే ఉంది. కానీ క్యూలో పడిన ఆ ఎర్రర్‌ను ఎవరు తీశారు? ఎస్ఎస్ఎల్_ఫ్రీ తీయదు. ఎస్ఎస్ఎల్_గెట్_ఎర్రర్ తొంగి చూస్తుందే తప్ప తీయదు. మీరు పంపిన కోడులో లాగు రాసే చోట ఎర్_పీక్_ఎర్రర్ వాడారు, అదీ చూసి వదిలేసేదే. కాబట్టి ఎర్రర్ అక్కడే కూర్చుంది.

మరుక్షణం ఆరో చెరువు మీటరు రీడింగు పంపింది. మీరు ఎస్ఎస్ఎల్_రీడ్ పిలిచి రీడింగు తీసుకున్నారు. ఇంకేమైనా ఉందేమోనని మళ్లీ పిలిచారు. ఏమీ లేదు కనుక అది మైనస్ ఒకటి ఇచ్చింది. ఆ మైనస్ ఒకటికి అసలు అర్థం వాంట్_రీడ్, అంటే ‘డేటా ఇంకా రాలేదు, వచ్చాక పిలవండి’ అని. అయితే ఎస్ఎస్ఎల్_గెట్_ఎర్రర్ ఆ నిర్ణయానికి వచ్చే ముందు క్యూ వైపు చూస్తుంది. అందులో ఏదైనా ఉంటే అది ఇప్పుడే పడిందని నమ్మి ఎస్ఎస్ఎల్_ఎర్రర్_ఎస్ఎస్ఎల్ అని చెప్పేస్తుంది. మీ కోడు ఆ మాట విని, ఏ పాపం తెలియని ఆరో మీటరును తెంచేసింది.

బాగా నడుస్తున్నవే తెగడానికి, కొత్తగా కలుస్తున్నవి బతికిపోవడానికి కూడా కారణం ఉంది. హ్యాండ్‌షేక్ నడిపే లోపలి కోడు మొదలవుతూనే క్యూను తుడిచేసుకుంటుంది. ఎస్ఎస్ఎల్_రీడ్, ఎస్ఎస్ఎల్_రైట్ ఆ పని చేయవు. తెగిన ఆరో మీటరు అర నిమిషానికి మళ్లీ వచ్చి హ్యాండ్‌షేక్ మొదలుపెట్టగానే క్యూ శుభ్రమవుతుంది. మీరు వచ్చి చూసేసరికి సాక్ష్యం మిగలదు.

మరమ్మతు చిన్నదే. ప్రతి ఎస్ఎస్ఎల్ పిలుపుకు ముందు ఎర్_క్లియర్_ఎర్రర్ పిలవండి. ఆ తర్వాత అసలు ఫంక్షన్, దాని వెంటనే అదే థ్రెడ్‌లో ఎస్ఎస్ఎల్_గెట్_ఎర్రర్. రెంటి మధ్యలో లాగు రాయడం వంటి పనులు పెట్టుకోకండి. లాగు రాసే ఫంక్షన్ ఫైలు తెరిచిందంటే ఎర్‌నో (చివరి సిస్టమ్ తప్పు నంబరు) మారిపోతుంది, అప్పుడు మరో అబద్ధపు కారణం చేతికొస్తుంది. నిజమైన ఎర్రర్ వచ్చినప్పుడు ఎర్_గెట్_ఎర్రర్‌ను సున్నా వచ్చేదాకా లూప్‌లో పిలిచి అన్నీ బయటికి తీయండి. ఒక్కసారి పిలిస్తే మొదట పడినదొక్కటే వస్తుంది, మిగిలినవి తర్వాతి వారి నెత్తిన పడతాయి.

ఇంకొక మాట. కోడు సరిచేసినా పని సగమే. మీ మూడు వందల మీటర్లలో ఒకదాని సర్టిఫికెట్ నిజంగానే చెల్లడం లేదు, కొద్ది రోజులుగా అది పదేపదే వచ్చి భంగపడి పోతోంది. యాక్సెప్ట్ విఫలమైన చోట ఐపీ చిరునామా కూడా లాగులో రాయండి, దొరుకుతుంది.

ఇది మీ ఒక్కరికే వచ్చిన కష్టం అనుకోకండి. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ లైబ్రరీకీ ఇదే జరిగింది. ఒకే ప్రాసెస్‌లో పోస్ట్‌గ్రెస్ కనెక్షన్లతో పాటు పీహెచ్‌పీ, పైథాన్, రూబీ వాళ్ల ఓపెన్‌ఎస్ఎస్ఎల్ కనెక్షన్లు కూడా ఉంటే, క్యూను ఎవరు ఎప్పుడు తుడవాలన్న దానిమీద తలా ఒక పద్ధతి పెట్టుకోవడం వల్ల కనెక్షన్లు దెబ్బతినేవి. 2016 మేలో వచ్చిన 9.5.3 వెర్షన్‌లో దాన్ని సరిచేశారు. క్యూ ముందే శుభ్రంగా ఉంటుందని నమ్మడం మానేసి, పిలిచే ముందు తుడవడం, పని అయ్యాక కూడా శుభ్రంగా వదిలిపెట్టడం మొదలుపెట్టారు. ఆ రెండో సగం నాకు మరీ నచ్చింది. మీ లైబ్రరీని ఇంకొకరు వాడుకునేటట్టయితే మీరూ అలాగే చేయండి.

ప్రశ్న: మేడం, మా గేట్‌వేలో సందేశం సగం వచ్చి ఆగిపోతుంది. అవతలి నుంచి తర్వాతి సందేశం వచ్చినప్పుడు పాత సగం కూడా బయటపడుతుంది. దాన్ని తప్పించడానికి విలువ సున్నా కన్నా తక్కువగా ఉన్నంతసేపూ ఎస్ఎస్ఎల్_రీడ్‌ను లూప్‌లో పిలవమని ఒక సహోద్యోగి సలహా ఇచ్చారు. ఆగిపోవడం తగ్గింది కానీ సీపీయూ నూరు శాతం చూపిస్తోంది. – ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: ఆ లూప్‌ను ఈరోజే తీసేయండి. సంగతి తెలుసుకోకుండా ‘మళ్లీ పిలువు, మళ్లీ పిలువు’ అనే కోడు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. నిజంగా తెగిపోయిన కనెక్షన్ మీద అది అనంతంగా తిరుగుతూనే ఉంటుంది.

మీ అసలు జబ్బు వేరు. టీఎల్ఎస్‌లో డేటా రికార్డులుగా వస్తుంది. ఒక్కో రికార్డులో 16,384 బైట్ల వరకు ఉండవచ్చు. మీ బఫర్ 4,096 బైట్లది అనుకుందాం. లైబ్రరీ సాకెట్ నుంచి రికార్డు మొత్తం లాగేసుకుని, విప్పి, మీరు అడిగినంత చేతిలో పెట్టి, మిగిలింది తన దగ్గరే ఉంచుకుంటుంది. మీరు వెళ్లి ఈపోల్ దగ్గర కూర్చుంటారు. సాకెట్ ఖాళీ కనుక ఈపోల్ ఏమీ చెప్పదు. తర్వాతి సందేశం వచ్చి సాకెట్ కదిలినప్పుడు గానీ పాతది మీకు గుర్తు రాదు. ఈపోల్ దగ్గరికి వెళ్లేముందు ఎస్ఎస్ఎల్_పెండింగ్ ఎంత చెబుతోందో చూడండి. లేదా వాంట్_రీడ్ వచ్చేదాకా చదవండి, అది ఇంకా మంచిది.

వాంట్_రీడ్, వాంట్_రైట్ రెండూ ఎర్రర్లు కావు, ఎదురుచూడమనడం. మొదటిదైతే సాకెట్‌లో చదవడానికి ఏదైనా వచ్చేదాకా, రెండోదైతే రాయడానికి చోటు దొరికేదాకా ఈపోల్‌లో ఆగాలి. చదవబోతే వాంట్_రైట్ రావచ్చు, రాయబోతే వాంట్_రీడ్ రావచ్చు. నేను పిలిచింది రీడ్ కదా, రైట్ ఎందుకు అడుగుతుందని ఆశ్చర్యపోకండి. టీఎల్ఎస్ లోపల తాళాలు మార్చుకోవడం వంటి సొంత పనులు ఉంటాయి. కాబట్టి ఏ ఫంక్షన్ పిలిచారన్నది కాదు, ఏం అడిగిందన్నది చూసి ఈపోల్‌కు చెప్పండి.

రాసేటప్పుడు ఒక చిక్కు ఉంది. ఎస్ఎస్ఎల్_రైట్ ఆగమన్నాక మళ్లీ పిలిచేటప్పుడు అదే బఫర్, అదే పొడవు ఇవ్వాలి. ఈలోగా రీఅలాక్‌తో బఫర్ చోటు మారితే ‘బ్యాడ్ రైట్ రీట్రై’ అని వస్తుంది. బఫర్ కదలడం తప్పదనుకుంటే ఎస్ఎస్ఎల్_మోడ్_యాక్సెప్ట్_మూవింగ్_రైట్_బఫర్ పెట్టుకోండి. అందులోని డేటా మాత్రం మారకూడదు.

ప్రశ్న: ఉబుంటు 20.04 నుంచి 22.04కు మారాక లాగులు ‘అన్‌ఎక్స్‌పెక్టెడ్ ఈవోఎఫ్ వైల్ రీడింగ్’ (చదువుతుండగా అనుకోని ముగింపు) అనే వాక్యంతో నిండిపోతున్నాయి. కోడు అక్షరం మారలేదు. దాన్ని పట్టించుకోకుండా ఉండే ఆప్షన్ ఉందట, పెట్టేయమంటారా? – ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: కోడు మారలేదు, కింద లైబ్రరీ మారింది. 20.04లో ఉన్నది ఓపెన్‌ఎస్ఎస్ఎల్ 1.1.1-ఎఫ్, 22.04లో ఉన్నది 3.0.2.

టీఎల్ఎస్ కనెక్షన్ ముగించాలంటే ముందు ‘క్లోజ్ నోటిఫై’ అనే సందేశం పంపాలి, తర్వాతే టీసీపీని మూయాలి. ఆ సందేశం లేకుండా టీసీపీ ముగిసిపోతే పాత వెర్షన్ ఎస్ఎస్ఎల్_ఎర్రర్_సిస్‌కాల్ అని చెప్పి, ఎర్‌నోను సున్నాగా వదిలేది. ఎర్‌నో సున్నా అంటే అచ్చయ్యేది ‘సక్సెస్’. నేను పనిచేసిన ఒక చోట రాత్రి షిఫ్టు కుర్రాడు ‘ఎర్రర్: సక్సెస్’ అన్న వాక్యం చూసి, సక్సెస్ అనే ఉంది కదా అని ఫిర్యాదు మూసేశాడు. అతణ్ణి నేనేమీ అనలేదు.

ఆ అయోమయాన్ని తీసేయాలని 2020 మార్చి 17న వచ్చిన 1.1.1-ఈ లోనే దీన్ని స్పష్టమైన ఎర్రర్‌గా మార్చారు. దాంతో నడుస్తున్న ప్రోగ్రాములు చాలా ఇబ్బంది పడ్డాయి. రెండు వారాలకే, మార్చి 31న 1.1.1-ఎఫ్ తెచ్చి ఆ మార్పును వెనక్కి తీసుకున్నారు. అంటే మీ పాత ఉబుంటులో ఉన్నది సరిగ్గా ఆ వెనక్కి తీసుకున్న వెర్షనే. 2021 సెప్టెంబరులో వచ్చిన 3.0లో మార్పు మళ్లీ వచ్చింది, ఈసారి నిలిచింది.

ఇక ఆప్షన్ సంగతి. ఎస్ఎస్ఎల్_ఆప్_ఇగ్నోర్_అన్‌ఎక్స్‌పెక్టెడ్_ఈవోఎఫ్ దాని పేరు. పెట్టే ముందు ఒకటి ఆలోచించండి. టీసీపీ ముగింపు ప్యాకెట్‌కు ఎన్‌క్రిప్షన్ ఉండదు. దారి మధ్యలో ఉన్నవాడు దాన్ని పుట్టించగలడు. నిలిపివేసిన ఖాతాల జాబితాను మీరు ముగింపు వచ్చేదాకా చదువుతూ పోతున్నారనుకోండి. వాడు సగంలో కోస్తే, ఆ సగమే మొత్తం జాబితా అని మీ ప్రోగ్రాం నమ్ముతుంది. డేటా ఎక్కడ అయిపోతుందో మీ ప్రోటోకాల్ ముందే చెబుతుంటే, అంటే హెచ్‌టీటీపీలో కంటెంట్ లెంగ్త్ లాంటిది ఉండి, దాన్ని మీరు నిజంగా సరిచూస్తుంటే ఆప్షన్ పెట్టుకోవచ్చు. లేకపోతే పెట్టకండి. అవతలి వాళ్లచేత క్లోజ్ నోటిఫై పంపించండి.

ప్రశ్న: మేడం, నేను ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. ప్రాజెక్టులో డిజిటల్ సంతకం సరిచూసే చోట ఫంక్షన్ ఇచ్చిన విలువ మీద ‘ఇఫ్ నాట్ ఆర్ఈటీ’ అని రాస్తే మా సార్ మార్కులు తీసేశారు. సున్నా వస్తే తప్పు, లేకపోతే ఒప్పు అనుకోవడంలో ఏం పొరపాటుందో అర్థం కాలేదు. – ఒక విద్యార్థిని, వరంగల్

జవాబు: మీ సార్ మంచి పని చేశారు తల్లీ. అలిగితే అలిగావు గానీ ఇది విను.

ఈవీపీ_వెరిఫై‌ఫైనల్ అనే ఫంక్షన్ మూడు జవాబులు ఇస్తుంది. సంతకం సరైనదైతే ఒకటి. సరిపోలకపోతే సున్నా. అసలు సరిచూడటమే కుదరకపోతే, అంటే సంతకం ఆకారమే చెడిపోయి ఉంటే, మైనస్ విలువ. సీ భాషకు సున్నా తప్ప ప్రతిదీ నిజమే. కాబట్టి నీ ‘ఇఫ్ నాట్’ దగ్గర మైనస్ ఒకటి హాయిగా దాటిపోతుంది. మోసగాడు దొంగ సంతకాన్ని అందంగా తయారుచేస్తే దొరికిపోతాడు, అడ్డదిడ్డంగా తయారుచేస్తే లోపలికి వచ్చేస్తాడు!

ఈ తప్పు ఓపెన్‌ఎస్ఎస్ఎల్ రాసినవాళ్లే చేశారు. తమ ఫంక్షన్ ఫలితాన్ని తమ కోడులోనే చాలా చోట్ల నీలాగే పరీక్షించారు. డీఎస్ఏ, ఈసీడీఎస్ఏ అనే పద్ధతుల్లో సంతకం చేసే తాళాలున్న సర్వర్ల విషయంలో లైబ్రరీ చెడిపోయిన సంతకాన్ని మంచిదని ఒప్పుకునేది. భద్రతా లోపాల జాబితాలో సీవీఈ-2008-5077 అని దానికి నంబరు, 2009 జనవరిలో 0.9.8-జే వెర్షన్‌లో సరిచేశారు. అయిదేళ్ల తర్వాత, 2014 మార్చిలో, గ్నూటీఎల్ఎస్ అనే మరో లైబ్రరీలో అదే కథ. అవును, కాదు అని మాత్రమే చెప్పాల్సిన లోపలి ఫంక్షన్ ఒకటి, తప్పు జరిగినప్పుడు మైనస్ విలువ ఇచ్చేది. పిలిచినవాళ్లు దాన్ని ‘అవును’ అనుకునేవారు. తగినట్టుగా వండిన నకిలీ సర్టిఫికెట్ చెల్లిపోయేది.

అక్కడితో ఆగలేదు. ఓపెన్‌ఎస్ఎస్ఎల్ 3.0 వచ్చాక, సర్టిఫికెట్‌ను సరిచూసే ఎక్స్509_వెరిఫై_సర్ట్ మెమరీ చాలక మైనస్ విలువ ఇస్తే, లైబ్రరీ దాన్ని సరిగా పట్టుకోలేక వాంట్_రీట్రై_వెరిఫై అనే జవాబును ప్రోగ్రాంకు అందించేది. ప్రత్యేకంగా కాల్‌బ్యాక్ పెట్టుకున్నవాళ్లకు తప్ప ఇంకెవరికీ రాకూడని జవాబు అది. దాన్ని ఊహించని ప్రోగ్రాములు కూలిపోవచ్చు, లూప్‌లో పడవచ్చు. 2021 డిసెంబరులో 3.0.1లో సరిచేశారు.

2014 ఫిబ్రవరిలో ఆపిల్‌లో బయటపడిన లోపం ఇంకో రకం. ఐఫోన్ కోడులో ‘గోటు ఫెయిల్’ అనే వాక్యం పొరపాటున రెండుసార్లు పడింది. మొదటిది ఇఫ్ కింద ఉంది. రెండోదానికి ఏ షరతూ లేదు. దాంతో సంతకం సరిచూసే వాక్యం దాకా ప్రోగ్రాం వెళ్లనే లేదు. ఫెయిల్ అన్న చోటికి దూకినా, ఆ సమయంలో ఎర్రర్ విలువ సున్నా. అంటే ఫలితం విజయం. ఐఓఎస్ 7.0.6 తెచ్చి సరిచేశారు. ఇఫ్ కింద ఒకే వాక్యం ఉన్నా బ్రాకెట్లు వేయమని మీ సార్ చెబితే అది చాదస్తం కాదు.

నువ్వు చేయాల్సింది: ఏ విలువ వస్తే ఒప్పో దానితోనే సరిచూడు. ఇక్కడ ‘ఒకటికి సమానమా?’ అని అడుగు. అన్ని చోట్లా ఒకటే అనుకోవద్దు, సర్టిఫికెట్ సరైనదని చెప్పే ఎక్స్509_వీ_ఓకే విలువ సున్నా. ఎస్ఎస్ఎల్_గెట్_వెరిఫై_రిజల్ట్ అయితే మరీ, అవతలివాళ్లు సర్టిఫికెట్ ఇవ్వకపోయినా ఓకే అంటుంది. సర్టిఫికెట్ వచ్చిందో లేదో విడిగా అడగాలి. ప్రతి ఫంక్షన్‌కూ మాన్యువల్‌లో రిటర్న్ విలువల భాగం ఉంటుంది, ముందు అది చదివి తర్వాత మిగతాది చదువు.

ప్రశ్న: ఎర్రర్ ఏదొచ్చినా మర్యాదగా ముగించాలని ఎస్ఎస్ఎల్_షట్‌డౌన్‌ను రెండుసార్లు పిలుస్తున్నాం. కోడు సమీక్షలో ఒకరు అభ్యంతరం చెప్పారు. మర్యాద వల్ల నష్టమేమిటి? – ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: అభ్యంతరం చెప్పినవారికి ఒక కాఫీ ఇప్పించండి. ఎస్ఎస్ఎల్_ఎర్రర్_ఎస్ఎస్ఎల్ గానీ ఎస్ఎస్ఎల్_ఎర్రర్_సిస్‌కాల్ గానీ వచ్చాక ఆ కనెక్షన్ మీద చదవడం, రాయడం, షట్‌డౌన్ అన్నీ నిషిద్ధం. ఎస్ఎస్ఎల్_ఫ్రీ పిలిచి సాకెట్ మూసేయండి, అంతే. క్లోజ్ నోటిఫై మర్యాద ఆరోగ్యంగా ఉన్న కనెక్షన్‌కే.

నష్టం సంగతి అడిగారు కనుక చెబుతున్నాను. సీవీఈ-2019-1559 సరిగ్గా మీ రెండు షట్‌డౌన్ల గురించే. 1.0.2 వెర్షన్లలో, ఫేటల్ ఎర్రర్ తర్వాత ప్రోగ్రాం రెండోసారి షట్‌డౌన్ పిలిస్తే, ఖాళీ రికార్డులో ప్యాడింగ్ (పొడవు సరిపెట్టే పూరకం) చెడిందా, మ్యాక్ (డేటా మారలేదని చూపే ముద్ర) చెడిందా అన్నదాన్ని బట్టి లైబ్రరీ వేర్వేరుగా స్పందించేది. అవతలివాడు ఆ తేడాను గమనించగలిగితే, కొన్ని సైఫర్ల (ఎన్‌క్రిప్షన్ పద్ధతుల) విషయంలో దాన్ని పట్టుకుని ఎన్‌క్రిప్ట్ చేసిన డేటాను విప్పుకోవచ్చు. 2019 ఫిబ్రవరిలో 1.0.2-ఆర్ తెచ్చి దాన్ని మూశారు.

అంతకన్నా భయంకరమైనది 2017 డిసెంబరులో బయటపడింది, సీవీఈ-2017-3737. హ్యాండ్‌షేక్ ఒకసారి ఫేటల్‌గా విఫలమైతే ఆ తర్వాత ఏం పిలిచినా వెంటనే తిప్పికొట్టాలని 1.0.2-బీ నుంచి ఒక ఏర్పాటు పెట్టారు. ఎస్ఎస్ఎల్_కనెక్ట్, ఎస్ఎస్ఎల్_యాక్సెప్ట్‌లతో హ్యాండ్‌షేక్ నడిపినవారికి అది పనిచేసింది. నేరుగా ఎస్ఎస్ఎల్_రీడ్, ఎస్ఎస్ఎల్_రైట్ పిలిచి హ్యాండ్‌షేక్ దానంతట అదే జరిగేలా వదిలినవారికి పనిచేయలేదు. అలాంటి ప్రోగ్రాం ఎర్రర్‌ను లక్ష్యపెట్టకుండా రెండోసారి రైట్ పిలిస్తే, ఆ పిలుపు సఫలమయ్యేది, డేటా మాత్రం ఎన్‌క్రిప్షన్ లేకుండా వెళ్లిపోయేది! 1.0.2-ఎన్‌లో సరిచేశారు. లైబ్రరీ లోపం ఒకటి, ఎర్రర్‌ను పట్టించుకోని ప్రోగ్రాం ఒకటి, రెండూ కలిస్తేనే ఈ ప్రమాదం. రెండోది మీ చేతిలో ఉన్నది.

ప్రశ్న: సర్టిఫికెట్ ఎర్రర్లు వస్తున్నాయని మా మేనేజర్ గారు వెరిఫికేషన్ ఆపేయమన్నారు. ‘ఇంటర్నల్ పరికరాలే కదా’ అంటారు. – పేరు వద్దన్న పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ఆపకండి. ముందు ఎస్ఎస్ఎల్_గెట్_వెరిఫై_రిజల్ట్ ఇచ్చే నంబరును లాగులో రాసి ఆయన ముందు పెట్టండి. 9 అంటే సర్టిఫికెట్ ఇంకా అమల్లోకి రాలేదు. బ్యాటరీ లేని చిన్న పరికరం కరెంటు పోయి వచ్చాక గడియారాన్ని 1970 జనవరి 1 నుంచి మొదలుపెడితే ఇదే వస్తుంది, దానికి మందు పరికరం సమయాన్ని సరిచేయడం. 10 అంటే గడువు తీరింది. 20 అంటే జారీచేసినవారి సర్టిఫికెట్ మీ దగ్గర లేదు. చాలాసార్లు సర్వర్ తన సర్టిఫికెట్‌తో పాటు ఇంటర్మీడియట్ సర్టిఫికెట్‌ను (దానికీ మూల సర్టిఫికెట్‌కూ నడుమ ఉండేదాన్ని) పంపకపోవడమే కారణం. 62 అంటే పేరు సరిపోలలేదు. నాలుగింటికీ నాలుగు వేర్వేరు మరమ్మతులు, ఏ ఒక్కదానికీ వెరిఫికేషన్ ఆపడం మరమ్మతు కాదు.

సర్వర్ల నుంచి డేటా తెచ్చే కర్ల్ లైబ్రరీ వాడుతుంటే వెరిఫైహోస్ట్ అనే ఆప్షన్ విలువ చూడండి, 2 ఉండాలి. వెనకటికి చాలామంది ‘ట్రూ’ అని పెట్టేవారు, ట్రూ అంటే 1. పాత కర్ల్‌లో 1 పెడితే సర్టిఫికెట్‌లో ఏదో ఒక పేరు ఉంటే చాలు, మీరు వెళ్తున్న సర్వర్ పేరేనా అని చూసేది కాదు. 2012లో వచ్చిన 7.28.1 నుంచి 2019లో 7.66.0 వచ్చేదాకా 1 పెడితే ఎర్రర్ ఇచ్చేది, ఆ తర్వాత 1నీ 2 లాగే చూస్తోంది. ఆండ్రాయిడ్ యాప్ అయితే ఆన్‌రిసీవ్డ్ఎస్ఎస్ఎల్ఎర్రర్‌లో గుడ్డిగా ‘ప్రొసీడ్’ పిలిచిన చోట్లు వెతకండి. ప్లే స్టోర్ వాళ్లే దాన్ని ఒప్పుకోరు.

ప్రశ్న: ఇవన్నీ సరిచేశాం అనుకుందాం. పనిచేస్తున్నాయని తెలిసేదెలా? ఆఫీసు నెట్‌వర్కులో ఒక్క ఎర్రరూ రాదు. – ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: రాకపోతే తెప్పించాలి. గడువు తీరిన సర్టిఫికెట్లు, పేరు తప్పినవి, సొంత సంతకం చేసుకున్నవి పరీక్ష కోసమే పెట్టిన బ్యాడ్‌ఎస్ఎస్ఎల్ అనే సైటు ఉంది. వాటన్నిటికీ మీ ప్రోగ్రాం చక్కగా కనెక్టయితే కంగారు పడాలి. ఇంట్లోనే చేసుకోవాలంటే ఓపెన్‌ఎస్ఎస్ఎల్‌తో వచ్చే ఎస్_సర్వర్ ఆదేశానికి గడువు తీరిన సర్టిఫికెట్ ఇచ్చి నడపండి. బదిలీ మధ్యలో అవతలి ప్రాసెస్‌ను కిల్ మైనస్ 9తో చంపండి, క్లోజ్ నోటిఫై లేని ముగింపు అలా దొరుకుతుంది.

వాంట్_రీడ్ కోసం నాకు నచ్చిన పద్ధతి వేరు. సాకెట్ బదులు మెమరీ బీఐఓ (లైబ్రరీకి సాకెట్‌లా పనిచేసే మెమరీ బఫర్) పెట్టి, అవతలినుంచి వచ్చిన బైట్లను ఒక్కొక్కటిగా అందించండి. హ్యాండ్‌షేక్ వేల బైట్లది. ప్రతి బైటుకూ మీ కోడు ఆగి, మళ్లీ మొదలై, చివరికి సరిగ్గా చేరాలి. ఎక్కడ వాంట్_రీడ్‌ను చావు అనుకుంటుందో అక్కడే ఆగిపోతుంది, వెతకాల్సిన పని ఉండదు.

ప్రశ్న: సిస్టమ్‌డీ కింద ఏడాదిగా నడిచిన మా సర్వర్‌ను కంటెయినర్‌లోకి మార్చాం. అప్పటినుంచి లాగులో ఒక్క ముక్క లేకుండా చచ్చిపోతోంది. ఎగ్జిట్ కోడు 141. – ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: సిగ్నల్ వల్ల చచ్చిన ప్రాసెస్‌కు ఎగ్జిట్ కోడు 128 ప్లస్ ఆ సిగ్నల్ నంబరు. 141లోంచి 128 తీసేస్తే 13. అది సిగ్‌పైప్. అవతలివాడు మూసేసిన సాకెట్‌లోకి ఎస్ఎస్ఎల్_రైట్ రాయబోతే కెర్నల్ ఆ సిగ్నల్ పంపుతుంది, పట్టించుకునే ఏర్పాటు లేకపోతే ప్రాసెస్ మొత్తం పోతుంది. సిస్టమ్‌డీ తాను నడిపే సర్వీసులకు సిగ్‌పైప్‌ను మామూలుగానే పక్కన పెడుతుంది, అందుకే ఏడాదిపాటు తెలియలేదు. మెయిన్ మొదట్లో సిగ్‌పైప్‌ను ఇగ్నోర్ చేయండి. అప్పుడు ఎస్ఎస్ఎల్_ఎర్రర్_సిస్‌కాల్, ఎర్‌నోలో ఈపైప్ వస్తాయి. ఆ ఒక్క కనెక్షన్‌నూ మూసి, మిగిలినవాటి పని చూసుకోండి.